బోధన్‌ను పెంచింది చెరకు, ముంచింది సర్కారు



"ముందు మీరు చెరకు వేయండి, ఆ తర్వాత ఫ్యాక్టరీ సంగతి చూద్దాం" అనే మాట మన ఊళ్లలో మళ్లీ వినపడుతున్నది. కొందరు నాయకులు ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. మనలోనే కొందరు "నిజమే కదా, చెరకు లేకుంటే గానుగ దేనితో తిరుగుతది" అని తల ఊపుతున్నారు. పైకి చూస్తే న్యాయంగానే కనపడుతది. కానీ ఈ మాటలో పెద్ద మోసం ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డ నేరాన్ని రైతు నెత్తిన పెట్టి, రేపు తెరవకపోతే ఆ నేరం కూడా రైతుదే అని చెప్పడానికి ఇప్పటినుంచే కాగితం సిద్ధం చేసుకోవడం ఇది. అందుకే ఈ మాటకు జవాబు చెప్పాలె. జవాబు చెప్పాలంటే మేం పుట్టి పెరిగిన బోధన్ ఎట్లా బతికిందో, ఎట్లా చితికిందో మొదటినుంచి చెప్పుకోవాలె. ఈ కథ తెలియని పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. పొగ గొట్టం చూపిస్తే "ఇదేంది?" అని అడిగే వయసు వాళ్లది.

నీళ్లు ముందు, గానుగ తర్వాత

బోధన్ చరిత్ర చాలా పాతది. అశ్మక రాజ్యానికి రాజధాని పోదనపురం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. కానీ మనకు తెలిసిన బోధన్, అంటే బజారు, రైలు, బడులు, ఆస్పత్రి ఉన్న బోధన్, చెరకు కట్టిన ఊరు.

మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో ముగిసింది. రెండు లక్షల డెబ్బయి అయిదు వేల ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టిన ప్రాజెక్టు అది. కాల్వల్లో నీళ్లు పారినంక, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ లేచిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరు. జానకంపేట నుంచి రైలు పట్టా బోధన్ దాకా వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వ్యవసాయం తెలిసిన కుటుంబాలు వచ్చి కాల్వల కింద క్యాంపులు వేసుకున్నాయి. వర్ని, రుద్రూర్, కోటగిరి దారిలో ఇప్పటికీ ఊరి పేరు చివర 'క్యాంపు' అని ఉంటే అది ఆనాటి గుర్తే. రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం కూడా వచ్చింది.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆనాడు ఎవరూ రైతు దగ్గరికి వచ్చి "ముందు చెరకు వేసి చూపించండి, తర్వాత ప్రాజెక్టు కడతాం, తర్వాత గానుగ పెడతాం" అనలేదు. రాజు కాలంలోనే ముందు ఆనకట్ట కట్టారు, ముందు కాల్వ తవ్వారు, ముందు ఫ్యాక్టరీ నిలబెట్టారు. రైతు ఆ గొట్టంలో పొగ చూసి చెరకు నాటాడు. ప్రజాస్వామ్యం వచ్చి ఇన్నేళ్లయినంక మన ఓట్లతో గెలిచినవాళ్లు దీన్ని తలకిందులు చేసి చెబుతున్నారు.

మేం పెరిగిన ఊరు

మేం ఈ ఊళ్లో పెరిగింది డెబ్బయ్యో దశకంలో, ఎనభయ్యో దశకంలో. అప్పుడు ఊరికి రెండే కాలాలు. ఒకటి గానుగ తిరిగే కాలం, రెండోది గానుగ తిరగని కాలం. చలి మొదలయ్యేసరికి బండ్లు బారులు తీరేవి. ఎడ్ల మెడలో గంటల చప్పుడు రాత్రంతా వినపడేది. బండి వెనక నుంచి గడ లాక్కొని పరుగెత్తని పిల్లలు మా తరంలో లేరు. మొలాసిస్ వాసన ఇండ్లలోకి వచ్చేది. సైరన్ మోగితే బడికి టైమైందని అమ్మలు తరిమేవాళ్లు. గడియారం ఉన్న ఇల్లు తక్కువ, సైరన్ వినపడని ఇల్లు లేదు.

ఇదంతా తీపి జ్ఞాపకం కింద చెప్పడం లేదు. పైసలు ఎట్లా తిరిగేవో చెప్పడానికి చెబుతున్నాం. ఒక రైతు ఎకరం చెరకు నరికితే ఎంతమందికి పని దొరికేదో లెక్కపెట్టండి. నరికే కూలీలు, మోపు కట్టేవాళ్లు, బండి తోలేవాళ్లు. బండి చక్రానికి పట్టా వేసే కమ్మరి, నొగ చెక్కే వడ్ల ఆయన, ఎడ్లకు నాడాలు కొట్టే మనిషి. కాటా దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్లకు చాయ్ పోసే హోటలు. లోపల మూడు షిఫ్టుల కార్మికులు. పిప్పి, మడ్డి ఎత్తేవాళ్లు. కార్మికుని జీతం మీద బతికే కిరాణం, బట్టల కొట్టు, దర్జీ, సైకిల్ షాపు, సినిమా హాలు. కిరాణం సేఠ్ ఉద్దెర రాసుకునేటప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే, "బిల్లు ఎప్పుడొస్తది పటేలా?" చెరకు బిల్లు పడ్డ వారంలోనే అప్పు తీరేది, పిల్లకు పెండ్లి ముహూర్తం కుదిరేది, ఇంటికి కవేలు ఎక్కేది.

ఆ బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ ఒకే నోట వినపడేవి. పండుగలు, పీరీలు, ఉర్సులు అందరూ చేసేవాళ్లు. ఒకే గానుగ మీద బతికే జనానికి తగువులు పెట్టుకునే తీరిక ఉండదు. పని పోయిన ఊళ్లోనే ఖాళీ చేతులు రాళ్ల కోసం వెతుకుతాయి. మతం పేరుతో మంట పెట్టేవాళ్లకు గిరాకీ దొరికేది అక్కడే. ఈ సంగతి ఇవాళ బోధన్‌లోనే కాదు, మిల్లు మూతపడ్డ ఏ ఊరికి పోయినా కనపడుతది.

పాత రోజులన్నీ బంగారమేనా?

కాదు. అట్లా చెబితే అబద్ధం అవుతది, మన వాదం కూడా బలహీనపడుతది. ఏ చక్కెర ఫ్యాక్టరీ కిందనైనా పెద్ద రైతుకు కటింగ్ పర్మిట్ ముందు, చిన్న రైతుకు వెనక. ఎండిన తోట తూకం తగ్గి ఏడ్చింది ఎప్పుడూ రెండెకరాల మనిషే. నరకడానికి వచ్చిన వలస కూలీలు గడ్డి గుడిసెల్లో చలికి వణికారు, వాళ్ల పిల్లలు బడి మొహం చూడలేదు. దళితవాడల నుంచి కైకిలికి పోయిన ఆడవాళ్లకు మొగవాళ్లతో సమానమైన కూలి ఎన్నడూ దొరకలేదు. వీటన్నిటి మీదా ఆనాడు జెండాలు లేచాయి, ధర్నాలు జరిగాయి. రైతు సంఘం, కార్మిక సంఘం అడిగిన డిమాండ్ల చిట్టా పెద్దదే.

కానీ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలె. అప్పుడు కొట్లాడటానికి ఒక గేటు ఉండేది. గేటు ముందు కూచుంటే లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి మాట్లాడాల్సి వచ్చేది. ఇవాళ గేటుకు తాళం ఉంది. తాళానికి దరఖాస్తు ఇవ్వలేం. లోపాలున్న ఫ్యాక్టరీని సరిచేయాలని మేం అడిగాం. పాలకులు రోగం ఉందని చెప్పి రోగినే అమ్మేశారు.

ఎవరు ఆపారు? తేదీలు చూడండి

గానుగ ఒక్క రోజులో ఆగలేదు. దాన్ని ఆపడానికి చాలా ఏండ్లు పట్టింది. ఆ పనిలో ఒక్క పార్టీ చేయి మాత్రమే లేదు.

1991లో సరళీకరణ విధానాలు వచ్చాయి. 1998లో కేంద్రం చక్కెర పరిశ్రమకు లైసెన్సు నిబంధన ఎత్తేసింది. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పు తెచ్చుకుని సంస్కరణలు మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగ సంస్థలను వదిలించుకోవడం అందులో భాగం. ప్రభుత్వ ఫ్యాక్టరీ అంటే భారం, ప్రైవేటు అంటే సామర్థ్యం అని పత్రికల్లో రోజూ రాయించారు.

2002లో శక్కర్‌నగర్, ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లను ఒక జాయింట్ కంపెనీలోకి మార్చారు. అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి, 49 శాతం ప్రభుత్వానికి. ఆ రెండు శాతం తేడాలోనే మన బతుకు పోయింది. పెత్తనం అటు, బదనాం ఇటు.

2004లో ప్రభుత్వం మారింది. అమ్మకం మీద శాసనసభా సంఘం వేశారు. ఆ అమ్మకం సరిగా జరగలేదని సంఘం తేల్చింది. ఆ నివేదిక మీద దుమ్ము పేరుకుంది తప్ప ఫ్యాక్టరీ వెనక్కి రాలేదు.

తెలంగాణ ఉద్యమంలో నిజాం షుగర్స్ ఒక నినాదం. మన రాష్ట్రం వస్తే మన ఫ్యాక్టరీ మనకొస్తదని వేదికల మీద చెప్పారు. మేం నమ్మి జెండాలు మోశాం. రాష్ట్రం 2014లో వచ్చింది. 2015లో స్వాధీనం చేసుకుంటామన్నారు. తర్వాత, మహారాష్ట్రలో మాదిరి రైతులే సహకార సంఘం పెట్టుకుని నడుపుకోవాలన్నారు. అదే ఏడాది డిసెంబర్ 23న మూడు యూనిట్లకూ లే ఆఫ్ నోటీసు పడింది. పరాయి పాలనలో అమ్ముడుపోయిన ఫ్యాక్టరీ స్వపరిపాలనలో మూతపడింది. తర్వాత వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్ మెట్లెక్కింది.

2023 ఎన్నికల్లో మళ్లీ హామీ. 2024 జనవరిలో మళ్లీ కమిటీ. గానుగ ఆగింది 2015లో. పార్టీలు మారాయి, కండువాల రంగు మారింది, తాళం మారలేదు.

"చెరకు లేకనే మూతపడింది" అనే అబద్ధం

ఈ వాదం చేసేవాళ్లు కారణాన్ని ఫలితాన్ని అటూ ఇటూ చేస్తున్నారు. రైతు చెరకు ఎందుకు మానేశాడో అడగరు.

చెరకు మూడు నెలల పంట కాదు. పది నుంచి పన్నెండు నెలలు పొలంలో ఉంటది. ఎకరానికి నాలుగు టన్నుల విత్తన చెరకు కావాలె. మూడు కళ్ల ముచ్చెలు కొట్టి నాటించాలె. పీక పురుగు కొట్టకుండా చూసుకోవాలె, కలుపు తీయించాలె, మట్టి ఎగదోయాలె, జడ చుట్లు వేయాలె. ఏడాది పొడుగునా పైసలు పోవడమే, రావడం లేదు. నరికిన గడను ఇరవై నాలుగు గంటల్లో ఆడించకపోతే బరువు పోతది, చక్కెర శాతం పోతది. వడ్లయితే ఆరబెట్టి కుప్ప పోసి పది రోజులు ఆగొచ్చు. పసుపయితే ధర వచ్చేదాకా ఇంట్లో దాచుకోవచ్చు. చెరకును దాచుకునే గిడ్డంగి ప్రపంచంలో లేదు. కొనేవాడు పక్కనే లేకపోతే చెరకు రైతు చేతిలో ఉన్నది పంట కాదు, పొయ్యిల కట్టె.

ఇట్లాంటి పంటను ఎవరు వేస్తారు? బిల్లు పడుతుందన్న నమ్మకం ఉన్నవాడు వేస్తాడు. నమ్మకం పోయినవాడు వరికి పోతాడు. మేమూ అట్లనే పోయాం. దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఏడు మాకు బాగా యాదికుంది. లారీ కిరాయి పెరిగింది, దారిలో గడ ఎండింది, కాటా దగ్గర రెండు రాత్రులు, బిల్లు కోసం నెలలు. చట్టం ఏం చెబుతదో తెలుసా? 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలె. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలె. ఆ వడ్డీ కండ్ల చూసిన రైతు మీ ఊళ్లో ఎవరన్నా ఉన్నారేమో అడిగి చూడండి. బ్యాంకు మాత్రం మన పంట అప్పు మీద ఒక్క రోజు వడ్డీ కూడా మరిచిపోదు.

కాబట్టి వరుస ఇది. ముందు నమ్మకం తెగింది, తర్వాత చెరకు తగ్గింది, తర్వాత గానుగ ఆగింది. నమ్మకం తెంచింది రైతు కాదు.

ధరలో దాచిన లెక్క

ఇంకో సంగతి. చెరకు ధరను ఢిల్లీ ప్రతి ఏడాదీ ప్రకటిస్తది. 2009 నుంచి దీనికి ఎఫ్‌ఆర్‌పీ, అంటే న్యాయమైన గిట్టుబాటు ధర అని పేరు. పేరులో న్యాయం ఉంది, లెక్కలో ఉందా?

ధర చక్కెర రికవరీ శాతం మీద ఆధారపడుతది. 2017-18లో 9.5 శాతం రికవరీకి క్వింటాలుకు 255 రూపాయలు. మరుసటి ఏడు 275 చేశామని చాటింపు వేశారు. ఇరవై రూపాయలు పెరిగిందని అందరూ అనుకున్నారు. కానీ అదే ఏడు ప్రాతిపదిక రికవరీని 9.5 నుంచి 10 శాతానికి జరిపారు. పాత లెక్కలోనే 10 శాతం రికవరీ చెరకుకు సుమారు 268 రూపాయలు రావాలె. అంటే అసలు పెరిగింది ఏడు రూపాయల లోపే. తర్వాత 2022-23లో ప్రాతిపదికను 10.25కు జరిపారు. గీత ముందుకు జరుపుతూ, పరుగు పందెంలో నువ్వే వెనకబడ్డవు అన్నట్టు ఉంది.

2024-25 సీజనుకు ప్రకటించిన ధర 340 రూపాయలు. ఇది 10.25 శాతం రికవరీ వచ్చినప్పుడు. 9.5 శాతం, అంతకన్నా తక్కువ వచ్చిన చెరకుకు 315 రూపాయల 10 పైసలు. టన్నుకు 249 రూపాయలు తేడా. ఎకరానికి ముప్పయి టన్నులు తీసిన రైతుకు 7,470 రూపాయలు తేడా. రికవరీ కొలిచేది ఎవరు? ఫ్యాక్టరీ. తూకం వేసేది ఎవరు? ఫ్యాక్టరీ. నరికే రోజు నిర్ణయించేది ఎవరు? ఫ్యాక్టరీ. పర్మిట్ ఆలస్యం చేసి గడ ఎండబెట్టి, రికవరీ తగ్గిందని ధర కోసేది కూడా ఫ్యాక్టరీయే. రైతు చేతిలో ఉన్నది కొడవలి ఒక్కటే. పైగా ఆ చెరకులో వచ్చే పిప్పితో కరెంటు చేస్తారు, మొలాసిస్‌తో స్పిరిట్, ఇథనాల్ తీస్తారు. మన ధర లెక్క మాత్రం చక్కెర దగ్గరే ఆగిపోతది.

"నష్టాల వ్యాపారం సర్కారు చేయొద్దు" అంటారా?

చదువుకున్నవాళ్లు కొందరు అడిగే ప్రశ్న ఇది. జవాబు చెబుదాం.

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలని కేంద్రమే లక్ష్యం పెట్టుకుంది. దాని గడువును 2025కు ముందుకు జరిపింది. ఆ ఇథనాల్‌కు ఒక ముడిసరుకు చెరకు. దేశం మొత్తం చెరకు కోసం చూస్తున్న కాలంలో, కాల్వ నీళ్లు, నల్లరేగడి, పరిశోధన కేంద్రం, రైలు పట్టా, పని తెలిసిన మనుషులు ఉన్న బోధన్‌లో మాత్రం చక్కెర వ్యాపారం నష్టమట. పక్కనే మంజీర దాటితే మహారాష్ట్ర. అక్కడ ఊరూరా గానుగలు తిరుగుతున్నాయి. వాళ్ల చెరకు తీపి, మన చెరకు చేదా?

సహకార పద్ధతి గురించి కూడా ఒక మాట. మహారాష్ట్రలో ప్రవరానగర్ రైతులు యాభయ్యో దశకం మొదట్లోనే సొంత చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. మంచిదే. కానీ అక్కడ సహకార ఫ్యాక్టరీలకు ప్రభుత్వం వాటాధనం పెట్టింది, అప్పులకు హామీ నిలబడింది. ఇక్కడ అప్పులు నిండిన ఫ్యాక్టరీని చూపించి "మీరే నడుపుకోండి" అన్నారు. ఈత నేర్పుతానని చెప్పి బాయిలో తోసినట్టు. మన జిల్లాలోనే సారంగాపూర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. అదీ మూతపడింది. పెట్టుబడి లేకుండా సహకారం అనే మాట ఒక్కటే గానుగ తిప్పలేదు.

నీళ్ల సంగతి కూడా ఎత్తుతారు. చెరకు నీళ్లు తాగే పంట, నిజమే. కానీ చెరకు పోయిన చోట ఇవాళ ఉన్నది రెండు పంటల వరి. వరికి డ్రిప్పు పెట్టడం కష్టం, చెరకుకు పెట్టగలం. పైన సింగూరు కట్టి మంజీర నీళ్లను హైదరాబాద్ గొంతు తడపడానికి మళ్లించారు. నిజాంసాగర్ పూడిపోయింది. ఆఖరి ఆయకట్టుకు అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలే దిక్కయ్యాయి. నీళ్ల పొదుపు మీద నిజంగా ప్రేమ ఉంటే చెరకుకు డ్రిప్పు ఇవ్వండి, రైతుకు సుద్దులు చెప్పకండి.

ఇవాళ్టి బోధన్

చెరకు పోయి వరి వచ్చింది. వరి రైతును మేం తక్కువ చేయడం లేదు, మేమే వరి రైతులం. కానీ వడ్ల లారీ పొలం నుంచి పోతే మిల్లులో ఆగుతది. ఊళ్లో వేల చేతులకు పని ఇవ్వదు. కోతకు మిషన్ వస్తది, మూడు రోజుల్లో అయిపోతది. 2024-25లో మామూలు రకం వడ్ల మద్దతు ధర 2,300 రూపాయలు. అది చేతికి వచ్చేసరికి తేమ అని, తాలు అని, బస్తాకు ఇన్ని కిలోల తరుగు అని కోత. మన రాష్ట్రంలో సన్నాలకు 500 బోనస్ ప్రకటించారు. దొడ్డు రకం వేసినవానికి అది లేదు.

పని పోయిన కుటుంబాల పిల్లలు ఎక్కడున్నారు? దుబాయ్, మస్కట్, సౌదీ. హైదరాబాద్‌లో వాచ్‌మెన్లు, డెలివరీ పిల్లలు. ఇంట్లో ఆడవాళ్లు చాట ముందర పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. పొగాకు ఘాటుకు దగ్గుతున్నారు. ఒకప్పుడు మూడు షిఫ్టుల జీతం తిరిగిన బజారులో ఇవాళ గల్ఫ్ పైసలు వస్తేనే కొట్టు తెరుచుకుంటది. బకాయిల కోసం కార్మికులు ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొందరు తిరుగుతూనే కన్నుమూశారు.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలె. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు మాత్రమే కాదు, భూమి కూడా. ఒకప్పుడు దానికి వేల ఎకరాల సొంత చెరకు క్షేత్రాలుండేవి. ఊరి ధర చెరకుతో పెరగనప్పుడు ప్లాట్లతో పెంచుదామనేవాళ్లు బయలుదేరుతారు. పాత యంత్రం తుక్కు కింద, భూమి గజాల లెక్కన పోతే, రేపు తెరవడానికి ఏమీ మిగలదు. 'పునరుద్ధరణ' అన్న పేరుతో భూమి బేరం జరగకుండా కాపలా కాయాల్సింది మనమే.

మనం ఏం అడగాలె

చెరకు వేయం అని మేం అనడం లేదు. వేస్తాం. రుజువు చూపించాల్సింది మాత్రం ప్రభుత్వం. తొంభై ఏండ్ల కింద రైతు తన వంతు చేసి చూపించాడు. కాబట్టి మాటలు కాదు, కాగితం కావాలె.

ఒకటి. ఫ్యాక్టరీని ఎవరు నడుపుతారో, పెట్టుబడి ఎంత పెడతారో, గానుగ ఏ తేదీన తిరుగుతుందో జీవో రూపంలో ప్రకటించాలె. మళ్లీ 51 శాతం కథ వద్దు. పెత్తనం ప్రజల చేతిలో ఉండాలె.

రెండు. చెరకు నాటేముందే ప్రతి రైతుతో కొనుగోలు ఒప్పందం రాయాలె. పంట నరికే నాటికి బోధన్‌లో గానుగ సిద్ధంగా లేకుంటే, ఆ చెరకును వేరే ఫ్యాక్టరీకి చేర్చే ఖర్చు, మధ్యలో పోయిన బరువు నష్టం ప్రభుత్వమే భరించాలె. "ముందు మీరు వేయండి" అనే మాట నిజాయితీగా అన్నదే అయితే ఈ షరతుకు ఒప్పుకోవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండొద్దు.

మూడు. రుద్రూర్ కేంద్రం ద్వారా ఆరోగ్యమైన విత్తన చెరకు సబ్సిడీ మీద ఇవ్వాలె. డ్రిప్పు చిన్న రైతుకు ఉచితంగా ఇవ్వాలె.

నాలుగు. 14 రోజుల్లో బిల్లు, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ అడగకుండానే ఖాతాలో పడాలె. తూకం దగ్గర, రికవరీ పరీక్ష దగ్గర రైతు ప్రతినిధి ఉండాలె. ఎఫ్‌ఆర్‌పీ మీద రాష్ట్రం తన వంతు అదనపు ధర ప్రకటించాలె.

అయిదు. పాత కార్మికుల బకాయిలన్నీ తీర్చాలె. చనిపోయినవాళ్ల కుటుంబాలకు ముందు ఇవ్వాలె. కొత్త ఉద్యోగాల్లో ఆ కుటుంబాల పిల్లలకు మొదటి హక్కు ఉండాలె. నరికే కూలీలకు ఇండ్లు, పిల్లలకు బడి ఈసారి మొదటి రోజు నుంచే ఉండాలె.

ఆరు. ఫ్యాక్టరీ భూమిలో ఒక్క గజం కూడా అమ్మొద్దు.

ఇవి చెరకు రైతు ఒక్కని డిమాండ్లు కావు. కిరాణం షాపు ఆయన, ఆటో డ్రైవరు, బీడీ చుట్టే అక్క, గల్ఫ్‌లో కొడుకు ఉన్న తండ్రి, అందరి డిమాండ్లు. రైతు బిల్లు పడ్డప్పుడే బజారు నిండిందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేదు. అందుకే ఈసారి ఊరు, బజారు కలిసి కదలాలె.

ప్రతి గ్రామశాఖ తమ ఊరి గ్రామసభలో ఈ ఆరు డిమాండ్ల మీద తీర్మానం పెట్టాలె. ఎన్ని ఎకరాల్లో చెరకు వేయడానికి సిద్ధమో, ఏ షరతు మీద సిద్ధమో రైతుల సంతకాలతో జాబితా తయారు చేయాలె. బజారులోని వ్యాపారుల సంఘాలను, కార్మికులను, కౌలు రైతులను కూచోబెట్టి మాట్లాడాలె. కౌలు రైతు పేరు జాబితాలో తప్పక ఉండాలె. రేపు పొలంలో దిగేది అతనే. ఆ జాబితాను తీర్మానంతో కలిపి మండల శాఖకు చేర్చండి. ఎన్ని ఊళ్ల కాగితాలు వస్తే అన్ని ఊళ్లతో కలెక్టరేటుకు పోదాం.

ఈసారి ఎవరన్నా మైకు పట్టుకుని "ముందు చెరకు వేయండి" అంటే, మన ఊరి సంతకాల కట్ట ఆయన చేతిలో పెట్టి ఒకటే అడుగుదాం. "మేం సిద్ధం. ఇదిగో ఎకరాల లెక్క. మీ సంతకం ఎక్కడ పెడతారు?"